పదకొండో మచ్చ ఎవరిది?

లెపర్డ్ గెకో అనే పెంపుడు బల్లిని చూసి "మచ్చలు బాగున్నాయి" అని ఊరుకునే అమాయకులు ఇంకా ఉన్నారట. బల్లిని పెంచడం ఎవరైనా పెంచుతారు. దాని మార్ఫ్, అంటే రంగూ మచ్చలూ బట్టి పెట్టిన రకం, ఏదో తేల్చడమే అసలు విద్య.

ఒంటి మీద పదిలోపు మచ్చలుంటే హైపో. ఒక్కటీ లేకపోతే సూపర్ హైపో. తల కూడా నున్నగా ఉంటే బాల్డీ. పదకొండో మచ్చ కనబడిందా, కొనేవాడికి అది మచ్చ, అమ్మేవాడికి మురికి. పైగా ఈ జీవికి బొత్తిగా నిలకడ లేదు. పుట్టినప్పుడు ముదురు పట్టీలు, పసుపు పట్టీలతో ఉంటుంది. పెరిగేకొద్దీ ఆ పట్టీలు చెదిరి మచ్చలవుతాయి. గుడ్లు పొదిగిన వేడి కాస్త ఎక్కువైతే నలుపు తగ్గుతుంది కూడా. అయినా మన నిపుణులు నెల పిల్లకే పేరు ఖాయం చేసేస్తారు, అదీ పసుపు బల్బు కింద తీసిన ఫొటో చూసి. ఆ వెలుగులో నేను నిలబడినా టాంజెరిన్‌నే, అంటే నారింజ రంగు మార్ఫ్‌నే!

తోకలో కనీసం 15 శాతం నారింజ రంగుంటే క్యారెట్ టెయిల్. 14 ఉంటే ఉత్త తోక. బెదిరి అది తోక వదిలేసిందనుకోండి, హోదా అంతా నేల మీద గిలగిలా కొట్టుకుంటూ కనిపిస్తుంది. మళ్లీ మొలిచే బొద్దు తోకకి ఆ పాత పట్టీలు రావు.

ఒంట్లో నలుపు రంగు పుట్టని ఆల్బినోల్లో మూడు వంశాలు: ట్రెంపర్, రెయిన్‌వాటర్, బెల్. చూపులకు మూడూ దాయాదులే. ట్రెంపర్‌కి బెల్‌తో జత కడితే మాత్రం ఆల్బినో పిల్లల బదులు మామూలు రంగువి పుడతాయి, ఎందుకంటే ఆ రెండింటి జన్యువులు వేరు. ఇక "66 శాతం పాసిబుల్ హెట్" అని ఒక బిరుదుంది. ఆల్బినో జన్యువును లోపల దాచుకున్న రెండింటికి పుట్టిన మామూలు పిల్ల అన్నమాట. ఆ గుణం దాన్లో ఉండే అవకాశం మూడింట రెండు వంతులు. కంటికి కనబడని ఆల్బినోతనానికి కూడా రేటు కట్టగలిగారంటే ఈ విద్యకు నేను చేతులెత్తి మొక్కుతున్నాను.

అందరికంటే ఘనులు ఎనిగ్మా అనే మార్ఫ్ అభిమానులు. చెదిరిన చుక్కలు ముచ్చటగా ఉంటాయి, కాదనను. ఆ మార్ఫ్‌తోపాటు వచ్చే నరాల జబ్బుకి కొన్ని తల ఒరగేస్తాయి, ఉన్నచోటే గిరగిరా తిరుగుతాయి, ఎదురుగా ఉన్న పురుగును కూడా గురి తప్పి కొరకబోతాయి. అమ్మేవాళ్ల ప్రకటనలో ఈ గోల ఏదీ ఉండదు. ఫొటోలో బల్లి తిరగదు కదా.