కార్తీక మాసంలో కర్నూలు బస్తా

1998లో ఉల్లిపాయ ప్రభుత్వాల్ని కూల్చింది. ఆ అక్టోబర్‌లో ఢిల్లీలో కిలో 60 రూపాయల దాకా పోయింది. ఎన్నికలు నెత్తి మీదున్నాయని బీజేపీ వాళ్లు సాహిబ్ సింగ్ వర్మను దించి సుష్మా స్వరాజ్‌ను ముఖ్యమంత్రిని చేశారు. ఆవిడ వచ్చినా ఉల్లి దిగలేదు. కేంద్రం ఎగుమతులు ఆపేసి, బయటి దేశాల నుంచి తెప్పించే ఏర్పాట్లూ చేసింది. అయినా నవంబర్ ఎన్నికల్లో ఢిల్లీ, రాజస్థాన్ రెండూ బీజేపీ చేజారాయి. మే నెలలో పోఖ్రాన్‌లో అణుబాంబులు పేల్చిన వాళ్లు ఉల్లిపాయ దగ్గర చేతులెత్తేశారని మా వీధి అరుగుల మీద ఒకటే నవ్వులు.

గుంటూరు బ్రాడీపేటలో మా ఇంటి ప్రభుత్వం మాత్రం చెక్కు చెదరలేదు. అది నాయనమ్మ చేతిలో ఉండేది.

మా ఊళ్లో ఢిల్లీ రేటు లేదు గానీ, బండివాడు కిలో నలభై అనేసరికి అమ్మ కొంగు ముడి మళ్లీ వేసేసుకునేది. రైతు బజార్లు ఇంకా రాలేదు. అవి మొదలైంది ఆ తర్వాతి జనవరిలో. హోటళ్లలో ఉల్లి పెసరట్టు అడిగితే సర్వరు జాలిగా చూసేవాడు. మా సందు చివర బజ్జీల బండి మీద మిరపకాయ బజ్జీని నిలువునా చీరి అందులో ఉల్లిముక్కలు కూరే చోట క్యాబేజీ కూరడం మొదలైంది. గుంటూరు వాడికి ఇంతకన్నా అవమానం ఏముంటుంది? కారం తగ్గించినా ఊరుకుంటాం గానీ, మిరపకాయ కడుపులో క్యాబేజీ పెడితే ఎలా?

నాన్నకు మజ్జిగ అన్నంలో పచ్చి ఉల్లిపాయ కొరుక్కోకపోతే భోజనం చేసినట్టే ఉండదు. ఆయన వారం రోజులు ఓర్చుకుని, ఒక రాత్రి వార్తలు అయ్యాక, “మీ తమ్ముడు కర్నూల్లోనే కదా ఉండేది?” అన్నారు. కర్నూలు అంటే ఉల్లికి పుట్టిల్లు. ఆ మాటకు అమ్మ మొహం వెలిగిపోయింది. పెళ్లయిన ఇన్నేళ్లలో నాన్న తన పుట్టింటి వాళ్లతో పని పడిందని ఒప్పుకోవడం అదే మొదటిసారి.

పని చెప్పాలంటే ఫోన్ చేయాలి. మాకు ఫోన్ లేదు. మావయ్యకీ లేదు, కింద వాటాలో ఇంటివాళ్లకు ఉంది. వేరే ఊరికి చేసే ఫోన్, అంటే ఎస్టీడీ, పగలు చేస్తే ఆస్తులు కరిగేవి, రాత్రి పదకొండు దాటితే పావు రేటు. అందుకని ఆ కాలంలో మధ్యతరగతి వాళ్ల ప్రేమలు, పెళ్లి సంబంధాలు, ఆస్తి తగాదాలు అన్నీ పదకొండు తర్వాతే నడిచేవి. మేం వెళ్లేసరికి ఎస్టీడీ బూత్ పసుపుపచ్చ బోర్డు కింద పెద్ద క్యూ ఉంది. లోపల ఒకాయన కూతురి సంబంధం మాట్లాడుతున్నాడు. గాజు తలుపు మూసే ఉన్నా కట్నం ఎంతో క్యూలో చివరి మనిషికి కూడా తెలిసింది. తక్కువకే కుదిరిందని అందరం సంతోషించాం.

మా వంతు వచ్చింది. నాన్న పదిహేను రూపాయలు బడ్జెట్ పెట్టుకున్నారు. ఫ్యాను లేని ఆ గదిలో ఆయన, అమ్మ, నేను ఇరుక్కున్నాం. అద్దం మీద ఎర్ర అంకెలు. అవతల ఇంటాయన నిద్ర గొంతుతో, “ఎవురప్పా ఈ యాళప్పుడు?” అన్నాడు. మేడ మీద మా బావమరిదిని పిలవమని, అయిదు నిమిషాల్లో మళ్లీ చేస్తామని చెప్పి నాన్న ఠక్కున పెట్టేశారు. అదొక విద్య. పిలిపించడానికి ఒక కాల్, మాట్లాడటానికి ఇంకొకటి. మధ్యలో మెట్లు దిగే టైముకు మీటర్ తిరగకూడదు.

నాన్న లెక్కలోకి రానిది ఒకటుంది. పదకొండు దాటాక ఫోన్ వచ్చిందంటే ఇంట్లో ఎవరో పోయారని అర్థం. రెండోసారి కలిసేసరికి మావయ్య గొంతు అప్పటికే గద్గదంగా ఉంది. “ఎవరికి బావగారూ? ఎప్పుడు?”

“ఎవరికీ ఏం కాలేదోయ్.”

“మీ అమ్మగారికా? దాచకండి బావగారూ, మేం తట్టుకుంటాం.” వెనక అత్తయ్య ఏడుపు వినపడుతూనే ఉంది. నాయనమ్మ నిక్షేపంగా ఉందనీ, ఇందాకే రెండు గ్లాసుల మజ్జిగ తాగి పడుకుందనీ నమ్మించడానికి ఆరు రూపాయలయ్యాయి. తర్వాత అమ్మ ఫోన్ లాక్కుని తను బతికే ఉన్నట్టు స్వయంగా చెప్పింది. మూడు రూపాయలు. అంతగా ఏడిపించాక, “ఉల్లిపాయల కోసం చేశాను” అనడానికి నాన్నకు నోరు రాలేదు. పిల్లల చదువులు అడిగారు. వానలు అడిగారు. అవతల ఇంటాయన ఆరోగ్యం కూడా అడిగారు. అంకెలు పద్నాలుగు దాటాక, “అన్నట్టు, అక్కడ ఉల్లిపాయలేమైనా దొరికితే పంపించు” అని ఊపిరి తీసుకోకుండా అనేసి ఫోన్ పెట్టేశారు. మిషన్ లోంచి చిన్న కాగితం ముక్క కిర్రుమంటూ వచ్చింది. బడ్జెట్ లోపే అయిందని నాన్న దాన్ని మడిచి జేబులో పెట్టుకున్నారు.

ఎన్ని కిలోలో చెప్పలేదని దారిలో అమ్మ అంది. “అయిదో పదో పంపుతాడులే. ఆ మాత్రం తెలియదా?” అన్నారు నాన్న.

తెలియలేదు. బావగారు పెళ్లిలో స్కూటర్ కూడా అడగని మనిషి. అలాంటాయన అర్ధరాత్రి ఫోన్ చేసి నోరు తెరిచి అడిగారంటే సంచీతో సరిపెడితే మర్యాదేనా? మావయ్య తెలిసిన రైతును పట్టుకుని పొలం దగ్గరే యాభై కిలోల బస్తా కట్టించి, గుంటూరు వస్తున్న ఒక పరిచయస్తుడికి అప్పగించాడు. నంద్యాల దాటి, నల్లమల ఘాట్ ఎక్కి దిగి, గిద్దలూరు, వినుకొండ, నరసరావుపేట మీదుగా ఆర్టీసీ బస్సు టాపు మీద అది ఊరేగుతూ వచ్చింది. తెల్లవారుజామున రిక్షాలో మా గుమ్మం ముందు దిగింది. రిక్షా అతను బేరం ఆడలేదు. డబ్బులు వద్దు, రెండు గుప్పిళ్లు ఉల్లిపాయలు ఇప్పించండి అన్నాడు.

తులం బంగారం నాలుగు వేల చిల్లర ఉన్న రోజులు. యాభై కిలోలు, కిలో నలభై చొప్పున వేసుకోండి. మా వరండాలో దాదాపు అర తులం బంగారం గోనెసంచిలో కూర్చుని ఉంది. నాన్న తాడు కోయడానికి కత్తిపీట తెమ్మన్నారు. అప్పుడు నాయనమ్మ తడి బట్టలతో, చేతిలో దీపంతో తులసికోట దగ్గర్నుంచి లోపలికొచ్చింది.

ఆ ఏడు దీపావళి అక్టోబర్ 19న వచ్చింది. బస్తా వచ్చిన రోజు కార్తీక శుద్ధ పాడ్యమి.

“ఏమిట్రా అది?” అంది నాయనమ్మ. ఏమిటో ఆవిడకి వాసనతోనే తెలుసు.

కార్తీక మాసం నెల్లాళ్లు మా ఇంట్లో ఉల్లి, వెల్లుల్లి గడప దాటకూడదు. దేశమంతా ఉల్లి కోసం కన్నీళ్లు పెట్టుకుంటున్న ఆ నెల మా ఇంట్లో డబ్బులిచ్చినా దాన్ని తినే వీల్లేదు. అంటే నాన్న ఇంకో నాలుగు రోజులు ఆగి పంచాంగం చూసుకుని ఉంటే, అసలు ఉల్లి అవసరమే లేని ఏకైక నెలలో ఉన్నామని తేలేది. ఆయన ఆఖరి అస్త్రం తీశారు. “ఉల్లి చేసిన మేలు తల్లి కూడా చేయదంటారు కదమ్మా.”

“ముందు తల్లి మాట విను. పోలి పాడ్యమి దాకా అది వంటింటి వైపు వస్తే నేను మీ అక్కయ్యింటికి పోతాను.”

బస్తా మేడ మెట్ల కిందికి పోయింది. మర్నాటికి వాసన ముందు గదిలోకి వచ్చింది. కర్నూలు ఉల్లికి పొర పలచన, నీరెక్కువ, మహారాష్ట్ర గడ్డలా నెలల తరబడి నిలవ ఉండదు. ఆరబెట్టకపోతే వారంలో కుళ్లుతుందని మావయ్య బస్తాలో చీటీ కూడా పెట్టాడు. మేడ మీద ఆరబోశాం. మధ్యాహ్నానికి బంగాళాఖాతంలో వాయుగుండం అన్నారు. కిందికి దించాం. ఎండ కాసింది. పైకెక్కించాం. మళ్లీ మబ్బు పట్టింది. నాయనమ్మ చూడకుండా ఈ ఎగుమతి దిగుమతులన్నీ నా నెత్తి మీదే సాగాయి. చివరికి ఆవిడే కాస్త దిగొచ్చి, వంటింటికి, దేవుడి గదికి దూరంగా ముందు హాల్లో ఫ్యాను కింద పరుచుకోమంది.

ఆ రాత్రి దృశ్యం మీరు చూసి ఉండాల్సింది. హాలంతా పాత చీరలు, వాటి మీద ఎర్రగా ఉల్లిపాయలు. ఫ్యాను గాలికి ఎగిరిన పొట్టు వెళ్లి టీవీ మీద వాలుతోంది. గోడకు ఆనుకుని ఒకరి పక్కన ఒకరం కాళ్లు ముడుచుకుని కూర్చున్నాం. వార్తల్లో ఢిల్లీ జనం కిలో ఉల్లి కోసం బారులు తీరారు. మేం యాభై కిలోల ముందు కూర్చుని, రాత్రికి ఉల్లి లేని పొట్లకాయ కూరతో తినబోతూ వాళ్ల మీద జాలిపడ్డాం. ఇంతలో సరుకు దాచిన వ్యాపారుల గోదాముల మీద దాడులని చదివారు. నాన్న లేచి కిటికీ కర్టెన్లు వేసేశారు. ఆయన గవర్నమెంటు ఉద్యోగి. పక్కింటాయన సరదాకి, “విజిలెన్స్ వాళ్లొస్తే మా పేరు చెప్పకండి సార్” అన్న దగ్గర్నుంచీ ఎవరు గేటు తీసినా ఆయనకి టెన్షనే.

వచ్చింది విజిలెన్స్ కాదు, వీధి. ఉల్లి వాసనకు చిరునామా అక్కర్లేదు. “వదినగారూ, చుట్టాలొచ్చారు, నాలుగు పాయలు అప్పిస్తారా?” అంటూ ఒకావిడ గిన్నెతో వచ్చింది. తర్వాత ఎదురింటావిడ. తర్వాత ఇంతకు ముందు మాతో కుళాయి దగ్గర మాటల్లేని ఆవిడ కూడా, “అక్కయ్యగారూ” అంటూ నవ్వుతూ వచ్చింది. అమ్మ ఎవరినీ కాదనలేదు. కాకపోతే ప్రతి గిన్నెతో పాటు, “మా తమ్ముడు పంపించాడు” అనే మాట కూడా వెళ్లేది. ఎవరికి ఎన్నో క్యాలెండర్ వెనక పెన్సిల్‌తో రాసుకునేది.

నాన్న మాత్రం రోజూ సాయంత్రం వాకింగ్ అని బయల్దేరడం మొదలెట్టారు. ఆయనకి వాకింగ్ అలవాటు ఎప్పుడూ లేదు. ప్యాంటు జేబులు మాత్రం ఉబ్బుగా ఉండేవి. నేను వెనకే వెళ్లి చూస్తే, బజ్జీల బండి దగ్గర నిలబడి జేబులోంచి ఉల్లిపాయలు తీసి ఇస్తున్నారు. బండతను వాటిని సన్నగా తరిగి, నిమ్మకాయ పిండి, నాన్న బజ్జీలోకి ఒక గుప్పెడు కూరి, మిగతావి తన దగ్గర ఉంచుకుంటున్నాడు. బజ్జీకి డబ్బుల్లేవు. ఇద్దరి మధ్యా పక్కా ఒప్పందం. బండి చుట్టూ ఉన్నవాళ్లు క్యాబేజీ బజ్జీలు తింటూ మా నాన్నని జమీందారుని చూసినట్టు చూస్తున్నారు.

నన్ను చూసి ఒక బజ్జీ చేతిలో పెట్టారు. ఇద్దరం తమలపాకులు నమిలి ఇంటికెళ్లాం. నాయనమ్మ జపమాల ఆపకుండానే, “వాకింగ్ నుంచి వచ్చిన కాళ్లు కడుక్కోరా, అలాగే నోరు కూడా” అంది. ఆ నెల ఆవిడ ఆ ఊసు మళ్లీ ఎత్తలేదు. నాన్న కూడా వాకింగ్ మానలేదు.

నవంబర్ మూడో వారంలో పోలి పాడ్యమి వచ్చింది. తెల్లవారుజామున అరటి దొప్పల్లో దీపాలు వదిలి రాగానే నాయనమ్మే, “ఇంకేం, ఉల్లిపాయ పులుసు పెట్టు” అంది అమ్మతో. బస్తాలో చూస్తే మిగిలినవి ఒక చేటెడు. సగం అప్పులకు, పావు కుళ్లిపోయి మున్సిపాలిటీ బండికి, ఇంకో పావులో చాలావరకు బజ్జీల బండికి పోయాయి. మిగిలిన వాటికి మొలకలొచ్చాయి. అమ్మ మొలకల్ని కూడా పారేయకుండా పులుసులో వేసింది.

కొత్త పంట దిగి, ధర చూస్తుండగానే పడిపోయింది. సంక్రాంతి నాటికి బండివాళ్లు ఉల్లిపాయల్ని అరిచి మరీ అమ్ముతున్నారు. అప్పుడు మా వీధి మొత్తానికి ఒకేసారి నిజాయితీ పుట్టుకొచ్చింది. పొద్దున్నే ఒకరు, టిఫిన్ టైముకి ఒకరు, గిన్నెల్తో తట్టల్తో క్యూ కట్టారు. “అప్పు ఉంచుకోకూడదు వదినగారూ, పండగ పూట” అంటూ కుమ్మరించి పోయారు. కుళాయి దగ్గరావిడ ఇంకో అడుగు ముందుకేసి, “మీరిచ్చినవి పెద్దవి, ఇవి చిన్నవి, అందుకని వడ్డీ కింద రెండు ఎక్కువ తెచ్చా” అంది.

అమ్మ క్యాలెండర్ చూసి ఒక్కొక్కరి పేరూ కొట్టేస్తూ, “పాత చీరలు తీయరా, హాల్లో పరవాలి” అంది నాతో.