బడి గేటు ముందు ఒక మనిషి

ఉదయం ఎనిమిదిన్నరకు శ్రీకాకుళం ఏడు రోడ్ల కూడలిలో ఐదు నిమిషాలు నిలబడితే చాలు. కాలేజీ బస్సులు, ఆమదాలవలస వైపు వెళ్లే ఆటోలు, పాల క్యాన్లు కట్టుకున్న మోటారు సైకిళ్లు, వాటి సందుల్లోంచి పుస్తకాల సంచీ బరువుకు ముందుకు వంగి నడిచే పిల్లలు. "బండొస్తంది గుంటడా, ఆగు" అని మనవడి జబ్బ పట్టి వెనక్కి లాగే ముసలమ్మ ఎప్పుడూ ఒకరు కనిపిస్తారు. ఆ చెయ్యి తోడున్న పిల్లాడు క్షేమంగా రోడ్డు దాటతాడు. తోడు లేని పిల్లల గురించే మా బెంగ. వాళ్లను రోడ్డు దాటించడానికి బడి గేటు ముందు ఒక మనిషి ఉండాలన్నదే మా మాట.

"చూసుకుని దాటు" అని పిల్లల్ని పంపుతున్నాం. మనం వాళ్ల చేత ఎంత పెద్ద లెక్క చేయిస్తున్నామో ఒకసారి చూడాలి. రెండు వరుసల రోడ్డు వెడల్పు సుమారు 7 మీటర్లు. చిన్నపిల్ల సెకనుకు ఒక మీటరు నడిచినా అవతలి అంచు చేరడానికి 7 సెకన్లు పడుతుంది. గంటకు 50 కిలోమీటర్ల వేగంతో వచ్చే బైకు అదే 7 సెకన్లలో దాదాపు 100 మీటర్లు దూసుకొస్తుంది. అంటే వంద మీటర్ల అవతల ఉన్న బండి వేగాన్ని ఆ పిల్ల కంటితో కొలవాలి. దూరాన్నీ వేగాన్నీ కలిపి అంచనా వేయడం చిన్న వయసులో సాధ్యమయ్యే పని కాదు. పైగా గేటు పక్కన ఆగిన ఆటో వెనక నిలబడితే ఆ ఎత్తుకు రోడ్డే కనిపించదు. డ్రైవరుకు ఆ పిల్లా కనిపించదు.

ప్రపంచమంతటా 5 నుంచి 29 ఏళ్ల వయసు వారి మరణాలకు రోడ్డు ప్రమాదాలే మొదటి కారణమని ప్రపంచ ఆరోగ్య సంస్థ చెబుతోంది. మన దేశంలో 2022లో రోడ్ల మీద 1,68,491 మంది చనిపోయారని కేంద్ర రవాణా శాఖ లెక్క. అందులో తొమ్మిది వేల మందికి పైగా పద్దెనిమిదేళ్లు నిండనివారు.

బోర్డులు పెట్టడం, చారలు గీయడం అవసరమే. వేగనిరోధకాలూ కావాలి. కానీ ప్రమాదం జరిగిన మర్నాడు ఊరివాళ్లు కోపంతో పోసుకునే మట్టి గుట్టలు వేగనిరోధకాలు కావు. రోడ్ల నిర్మాణానికి ప్రమాణాలు నిర్ణయించే ఇండియన్ రోడ్స్ కాంగ్రెస్ ప్రకారం వేగనిరోధకం 3.7 మీటర్ల వెడల్పున, 10 సెంటీమీటర్ల ఎత్తున గుండ్రంగా ఉండాలి, దాని మీద తెల్ల చారలు కనిపించాలి, ముందే హెచ్చరిక బోర్డు ఉండాలి. రంగు పోయిన గుట్ట చీకట్లో స్కూటరు మీద వచ్చే తల్లినే పడేస్తుంది. అన్నీ సక్రమంగా ఉన్నా, బండి ఆగేదాకా పిల్లల్ని ఆపి ఉంచే పని మాత్రం మనిషే చేయాలి.

బ్రిటన్‌లో బడి పిల్లల్ని రోడ్డు దాటించేవారి కోసం 1953లోనే ప్రత్యేక చట్టం చేశారు. కర్రకు బిగించిన గుండ్రటి పలక పట్టుకుని ఒక పెద్ద మనిషి రోడ్డు మీదికి వస్తే వాహనం ఆగి తీరాలి. పద్ధతి చాలా తేలిక. పిల్లలంతా రోడ్డు అంచు దిగకుండా గుంపుగా ఆగుతారు. ముందు ఆ మనిషి ఒక్కరే రోడ్డులోకి వెళ్లి, పలక ఎత్తి, డ్రైవరు కళ్లలోకి చూసి, రెండు వైపులా బళ్లు పూర్తిగా ఆగాకే పిల్లల్ని పిలుస్తారు. చివరి పిల్ల అవతలి గట్టు ఎక్కేదాకా అక్కడి నుంచి కదలరు. ఇందులో మనవల్ల కానిదేమీ లేదు. రథసప్తమి నాడు అరసవల్లికి పోటెత్తే భక్తజనాన్ని వాలంటీర్లు పోలీసుల పక్కన నిలబడి వరుసల్లో నడిపిస్తున్న జిల్లా ఇది.

ఈ పని జాతీయ రహదారి నుంచే మొదలుపెట్టాలని మేము కోరుతున్నాం. చెన్నై, కోల్‌కతాల మధ్య నడిచే 16వ నంబరు రహదారి రణస్థలం నుంచి ఇచ్ఛాపురం దాకా మన జిల్లాను నిలువునా చీలుస్తూ పోతుంది. దాని మీద ఊరు ఒక పక్క, బడి మరో పక్క ఉన్న చోట పిల్లలు రోజుకు రెండుసార్లు రోడ్డు దాటాలి. మధ్యలో డివైడరు ఉంటే అక్కడ ఆగి మళ్లీ చూసుకోవాలి. సర్వీసు రోడ్డులో ఎదురుదారిన వచ్చే బైకులు వేరే గండం. ఇలాంటి చోట ఒకరు చాలరు, ఇద్దరు కావాలి. లారీ తోలేవారు ఒడియా, బెంగాలీ, తమిళం మాట్లాడేవారు కావచ్చు, ఎర్రటి పలక మాత్రం అందరికీ అర్థమవుతుంది. డిసెంబరు, జనవరి నెలల పొద్దుటి మంచులో మెరిసే జాకెట్టు లేకుండా ఎవరినీ రోడ్డు మీద నిలబెట్టకూడదు.

ఎవరు నిలబడాలి? తల్లిదండ్రులు ముందుకు రావాలి. విద్యా హక్కు చట్టం ప్రకారం పాఠశాల యాజమాన్య కమిటీలో నాలుగింట మూడు వంతులు తల్లిదండ్రులే. వారానికి ఒక పూట వంతు వేసుకుంటే ఎవరికీ భారం కాదు. అయితే ఈ జిల్లా సంగతి మరచిపోకూడదు. హైదరాబాదుకో చెన్నైకో కూలికి, గుజరాత్ తీరానికి చేపల వేటకు మగవాళ్లు వలసపోయిన ఇళ్లు ఇక్కడ ఎన్నో. ఇంటి దగ్గర మిగిలిన తల్లి పొద్దున్నే పనిలోకి పోతే గాని పూట గడవదు. ఆమెను ఉచితంగా నిలబడమనడం న్యాయం కాదు. హైవే పక్క బడులకైనా గౌరవ వేతనంతో ఒకరిని పెట్టాలి. బడి గంటకు ముందు అరగంట, సాయంత్రం వదిలాక అరగంట. ఆ మాత్రం ఖర్చు ప్రభుత్వానికి బరువని మేము అనుకోం.

తల్లిదండ్రులకు ఇంకో మాట కూడా చెప్పాలి, నొచ్చుకున్నా సరే. గేటు ముందు రెండు వైపులా బళ్లు ఆపి, పిల్లల్ని రోడ్డు వైపు నుంచి దించుతున్నది చాలాచోట్ల మనమే. ముందు ఒకరు, వెనక ఇద్దరు, ఎవరి తలకూ హెల్మెట్ లేదు. నాలుగేళ్లు దాటిన పిల్లలకు హెల్మెట్ తప్పనిసరి. తొమ్మిదో తరగతి కొడుకు చేతికి స్కూటీ తాళం ఇస్తే, 2019లో సవరించిన మోటారు వాహనాల చట్టం కింద తండ్రికి మూడేళ్ల వరకు జైలు, 25 వేల రూపాయల జరిమానా. ఆ కుర్రాడికి పాతికేళ్లు వచ్చేదాకా లైసెన్సు రాదు.

పలక పట్టుకున్న తల్లిని లక్ష్యపెట్టని డ్రైవరుకు కేసు భయం ఉండాలి. అది పోలీసులు కల్పించాలి. జిల్లా ఎస్పీ ఈ వాలంటీర్లకు శిక్షణ, గుర్తింపు కార్డు, జాకెట్టు ఇప్పించాలి. మొదటి నెల ప్రతి చోటా హోంగార్డునో సచివాలయ మహిళా పోలీసునో పక్కన నిలబెట్టాలి. రోడ్డు రూపకల్పనలో, నిర్వహణలో లోపం వల్ల ప్రాణం పోతే అధికారులకు, కాంట్రాక్టరుకు లక్ష రూపాయల వరకు జరిమానా వేయవచ్చని అదే చట్టంలోని 198ఎ సెక్షను చెబుతోంది. రహదారి అధికారులు దాన్ని గుర్తుంచుకోవాలి.

కలెక్టరు అధ్యక్షతన జరిగే రోడ్డు భద్రతా కమిటీ ముందు పిల్లలు రోడ్డు దాటే బడుల జాబితా మండలాలవారీగా ఉండాలి. ఏ బడి ముందు ఎంతమంది దాటుతున్నారో హెడ్మాస్టర్లు ఒక్క పూటలో లెక్క తీసి ఇవ్వగలరు. 2024 డిసెంబరు 7న రాష్ట్రమంతటా తల్లిదండ్రుల్ని బడికి పిలిచి పెద్ద సమావేశం పెట్టారు. అలాంటి సమావేశం మళ్లీ జరిగిన రోజున గేటు దగ్గర ఒక రిజిస్టరు పెట్టి, ఎవరు ఏ పూట నిలబడతారో పేర్లు రాయించాలి.