మేయరు కుర్చీలో ఉన్నవారికి డిబేట్ కుర్చీ ఎందుకు చేదు?

2005 అక్టోబరు 6. న్యూయార్క్ మేయరు ఎన్నికల తొలి డిబేట్ ఆ సాయంత్రం హార్లెంలోని అపోలో థియేటర్‌లో. డెమొక్రాట్ అభ్యర్థి ఫెర్నాండో ఫెర్రర్ వచ్చారు. రెండోసారి పోటీలో ఉన్న మేయరు మైకేల్ బ్లూంబర్గ్ రాలేదు. రానని ముందే చెప్పేశారు కూడా. అయితే అదే రోజు పోలీసు కమిషనర్ రేమండ్ కెల్లీతో కలిసి ప్రెస్‌మీట్ పెట్టి, సబ్‌వే రైళ్లపై బాంబు దాడి జరగొచ్చన్న సమాచారం ఉందని ప్రకటించారు. ఊరు ఊరంతా టీవీలకు అతుక్కుపోయింది. డిబేట్‌ను మింగెయ్యడానికే ఆ సమయం ఎంచుకున్నారని విమర్శకులు అన్నారు, మేయరు ఒప్పుకోలేదు.

ఎవరి మాట నిజమన్నది అలా ఉంచుదాం. పదవిలో ఉన్నవారికీ లేనివారికీ ఉన్న తేడా మాత్రం ఆ ఒక్క రోజులోనే తేటతెల్లమైంది. ఫెర్రర్ కెమెరాలున్న చోటు వెతుక్కుంటూ వెళ్లాలి. బ్లూంబర్గ్ ఎక్కడ నిలబడితే కెమెరాలు అక్కడికొస్తాయి. నెల తిరిగేసరికి ఫలితం వచ్చింది: బ్లూంబర్గ్‌కు 58 శాతం, ఫెర్రర్‌కు 39 శాతం.

మన దగ్గరైనా అక్కడైనా డిబేట్ ఎగ్గొట్టిన నాయకుణ్ని పిరికివాడనడం మామూలే. కానీ ఇందులో పిరికితనం కన్నా లెక్కే ఎక్కువ. డిబేట్‌లో అందరికీ ఒకే ఎత్తు పోడియం, ఒకే నిమిషం, ఒకే మైకు. ముక్కూమొహం తెలియని ప్రత్యర్థికి అది పైసా ఖర్చు లేని ప్రమోషన్, మేయరుకేమో ఉన్న మెట్టు దిగడం. పైగా ప్రత్యర్థి చేతిలో హామీలుంటాయి, మేయరు చేతిలో నాలుగేళ్ల చిట్టా ఉంటుంది. పూడ్చని గుంతలు, ఎత్తని చెత్త, పెరిగిన అద్దెలు, అన్నీ అందులోనే. గంటన్నరలో నోరు జారిన పది సెకన్ల ముక్క పోలింగ్ దాకా ఫోన్లలో తిరుగుతూనే ఉంటుంది. సర్వేల్లో ఇరవై పాయింట్ల ఆధిక్యం ఉన్న అభ్యర్థికి ఏ సలహాదారుడైనా "వెళ్లకండి సార్" అనే చెబుతాడు. ఆ సలహాలో తప్పేం లేదు. తప్పల్లా, ఆ లెక్కను అతనికి అంత అనుకూలంగా వదిలేసిన నిబంధనల్లో ఉంది.

రానని సూటిగా చెప్పేవాళ్లు తక్కువ. పది ఆహ్వానాలొస్తే రెండింటికి ఒప్పుకుని, ఆ రెండూ ఎన్నిక గడప మీదికొచ్చాక పెట్టించడం ఒక పద్ధతి. 2005లో బ్లూంబర్గ్ చివరకు పాల్గొన్న రెండు డిబేట్లూ పోలింగ్ దగ్గర పడ్డాకే జరిగాయి. అభ్యర్థులు ఒకరినొకరు ప్రశ్నించుకునే రౌండ్ వద్దని పట్టుబట్టడం ఇంకో పద్ధతి. నా దృష్టిలో అన్నిటికన్నా తెలివైనది "అందరినీ పిలవండి" అనడం. వినడానికి ఎంత ప్రజాస్వామికంగా ఉంటుందో! గంటన్నర కార్యక్రమంలో ప్రకటనలు, పరిచయాలు, యాంకర్ ప్రశ్నలు పోగా డెబ్బై నిమిషాలు మిగులుతాయనుకుందాం. ఇద్దరుంటే తలకు 35 నిమిషాలు. ఏడుగురుంటే పది. ఆ పదిలోనూ మేయరును నిలదియ్యడానికి ఒక్కొక్కరికి దక్కేది రెండు మూడు నిమిషాలే. 2018లో టొరంటో మేయరు జాన్ టోరీని ఆయనపై పోటీ చేసిన నగర మాజీ చీఫ్ ప్లానర్ జెనిఫర్ కీస్మాట్ ముఖాముఖికి పిలిచారు. టోరీ ఇద్దరి డిబేట్‌కు ఒప్పుకోలేదు. 63 శాతం ఓట్లతో గెలిచారు.

న్యూయార్క్ ఈ లెక్కను చట్టంతో మార్చాలని చూసింది. ఎనభైల్లో బయటపడ్డ అవినీతి కుంభకోణాల తర్వాత, 1988లో అక్కడ ఎన్నికల ఖర్చుకు నగర ఖజానా నుంచి డబ్బిచ్చే చట్టం వచ్చింది. నగరవాసి ఇచ్చే చిన్న విరాళానికి కొన్ని రెట్లు నగరం కలుపుతుంది. 2018 నవంబరులో ఓటర్లు ఆమోదించిన మార్పుతో అది ఎనిమిది రెట్ల దాకా పెరిగింది. మేయరు అభ్యర్థికి ఒకరు 250 డాలర్లిస్తే, నగరం 2,000 కలిపి మొత్తం 2,250 చేస్తుంది. ఊరికే ఇవ్వరు. కనీసం వెయ్యి మంది నగరవాసుల నుంచి రెండున్నర లక్షల డాలర్లు పోగు చేసి చూపించాలి, ఖర్చుకు పరిమితి ఒప్పుకోవాలి, ఆడిట్‌కు లెక్కలు అప్పగించాలి.

1996లో దీనికే ఇంకో ముడి వేశారు. నగరమంతటికీ ఒక్కరే ఉండే పదవులకు, అంటే మేయరు, కంప్ట్రోలర్ (నగర లెక్కలు చూసేవారు), పబ్లిక్ అడ్వొకేట్ (జనం ఫిర్యాదులు చూసేవారు) పదవులకు, ఈ పథకంలో చేరి పోటీ చేసేవారు అర్హత సాధిస్తే అధికారిక డిబేట్లకు రావాల్సిందే. రాకపోతే ఇకమీదట డబ్బు ఆగిపోతుంది, తీసుకున్నది తిరిగి కట్టాల్సి వస్తుంది. తేదీ, వేదిక అభ్యర్థి బేరమాడి తేల్చుకునేవి కావు. ఈ పథకాన్ని నడిపే క్యాంపెయిన్ ఫైనాన్స్ బోర్డు ఎంపిక చేసిన మీడియా సంస్థలు నిర్వహిస్తాయి. మేయరుకు నచ్చినా నచ్చకపోయినా ఆ రోజు అక్కడ ఉండాలి.

అర్హత గీత ఎక్కడ గీస్తారన్నదే అసలు చిక్కు. 2017లో డెమొక్రాటిక్ ప్రైమరీలో, అంటే పార్టీ అభ్యర్థిని తేల్చే ఎన్నికలో, మేయరు బిల్ డి బ్లాజియోకు గట్టి ప్రత్యర్థే లేరు. తొలి డిబేట్‌కు అర్హత పొందాలంటే సుమారు 1.74 లక్షల డాలర్లు సేకరించి ఖర్చు చేసి ఉండాలి. మాజీ కౌన్సిల్ సభ్యుడు సాల్ అల్బనీస్ ఆ గీత దాటారు, కాబట్టి మేయరు ఆయన ఎదుట నిలబడక తప్పలేదు. దాటకపోయి ఉంటే ఆ వేదికే లేదు. ప్రైమరీలో అల్బనీస్‌కు వచ్చింది 15 శాతమే. ఓడిపోవడం ఖాయమైన మనిషి కూడా మేయరు చేత జవాబులు చెప్పించగలగడమే నా లెక్కన ఈ చట్టం సాధించిన అసలు విజయం. గీతే వద్దంటారా? 2023 టొరంటో ఉప ఎన్నికలో మేయరు పదవికి 102 మంది నిలబడ్డారు. అంతమందిని ఏ వేదిక మోస్తుంది?

ఇక చట్టానికున్న పెద్ద కంత: నగరం డబ్బు అక్కర్లేనివాడిని ఈ తాడు కట్టెయ్యలేదు. 2005లో బ్లూంబర్గ్ పైసా ప్రజాధనం తీసుకోకుండా సొంత డబ్బు సుమారు 8.5 కోట్ల డాలర్లు గుమ్మరించారు. అపోలో థియేటర్‌కు వెళ్లకపోయినా ఆయనకు పోయిందేమీ లేదు. డబ్బున్న సిట్టింగ్ మేయరుకు డిబేట్ ఐచ్ఛికం, లేనివారికి తప్పనిసరి. సమానత్వం కోసం తెచ్చిన నిబంధన ఇలా తలకిందులైంది.

మరి రానివారిని సిగ్గుపడేలా చేస్తే? ఖాళీ కుర్చీ వేసి ఫొటోలు తీయించడం పాత ఉపాయమే. 2025 జులైలో సోమాజిగూడ ప్రెస్‌క్లబ్‌లో కేటీఆర్ ముఖ్యమంత్రి రేవంత్ రెడ్డి కోసం కుర్చీ వేయించి కూర్చున్న దృశ్యం తెలుగువాళ్లకు గుర్తుండే ఉంటుంది. అదో మంచి ఫొటో, అంతే. అభ్యర్థే పెట్టుకున్న వేదికకు ప్రత్యర్థి రాకపోవడాన్ని జనం తప్పుగా చూడరు. తటస్థ సంస్థ పిలిచినప్పుడు రాకపోతేనే అది వార్త. అక్కడా ఓ ఇబ్బంది ఉంది. ఒక్క అభ్యర్థితో డిబేట్ నడిపితే అతనికి ప్రచారం చేసిపెట్టినట్టవుతుందని అమెరికాలో ఏ పార్టీకీ చెందని పౌర సంస్థ లీగ్ ఆఫ్ విమెన్ వోటర్స్ శాఖలు చాలావరకు ఖాళీ కుర్చీ డిబేట్లకు ఒప్పుకోవు. ఇద్దరే పోటీలో ఉన్న ఊళ్లో మేయరు రానంటే కార్యక్రమమే రద్దు. గైర్హాజరే వీటో అయిపోతుంది.

నిర్వాహకులు దీన్ని కొంతవరకు ముందే కాచుకోవచ్చు. నామినేషన్లకు ముందే అర్హత గీత, మూడు తేదీలు, సమయ నియమాలు రాసి ప్రకటించాలి. "ఎవరైనా రాకపోతే అదే సమయంలో, అవే ప్రశ్నలతో వచ్చినవారిని యాంకర్ ఇంటర్వ్యూ చేస్తారు, రానివారికి మరో రోజు అంతే సమయం ఇస్తాం" అన్న వాక్యం ఆహ్వానంలోనే ఉండాలి. తేదీ ముందస్తు ఓటింగ్ మొదలు కాకముందే పడాలి. 2025లో న్యూయార్క్ ఆ పని సరిగ్గా చేసింది: డిబేట్లు అక్టోబరు 16, 22న, ముందస్తు ఓటింగ్ 25 నుంచి.

డబ్బున్నవారిని కూడా పట్టే ముడి ఒకటి నాకు తోస్తోంది. న్యూయార్క్ బోర్డు ఓటర్లకు పంపే గైడ్‌లో అభ్యర్థుల వివరాలుంటాయి. అందులో పేరు పక్కన "డిబేట్‌కు అంగీకరించలేదు" అని ఒక్క వరుస అచ్చేస్తే చాలు. గైడ్ అచ్చయ్యేనాటికి డిబేట్లు జరగవు కదా అనొచ్చు. అందుకే హాజరును కాదు, అంగీకారాన్ని అచ్చెయ్యాలి. పోటీకి కాగితాలు దాఖలు చేసేటప్పుడే వస్తారో రారో సంతకం పెట్టించుకోవాలి.

హైదరాబాద్‌కు ఇదంతా వర్తిస్తుందా అంటే, ముందు ఎవరిని పిలవాలో తేలాలి. 2002లో మేయరును ఓటర్లే నేరుగా ఎన్నుకున్నారు, తీగల కృష్ణారెడ్డి గెలిచారు. గ్రేటర్ ఏర్పడ్డాక ఆ పద్ధతి పోయింది. 2020లో 150 డివిజన్లలో ఓటర్లు కార్పొరేటర్లకే ఓటేశారు. మేయరు పదవి మహిళలకు రిజర్వు కావడంతో అప్పటిదాకా ఉన్న మేయరు బొంతు రామ్మోహన్ మళ్లీ ఆ కుర్చీకి పోటీలోనే లేరు. అయిదేళ్ల పాలన గురించి వేదికెక్కి జవాబు చెప్పాల్సిన అవసరం ఎవరికీ పడలేదు. ఆ ఎన్నికలో పెద్దగా వినిపించిన సవాలు బీజేపీ నేత బండి సంజయ్‌ది, వరద సాయం ఆగిపోవడం మీద చార్మినార్ భాగ్యలక్ష్మి ఆలయంలో ప్రమాణానికి రమ్మన్నది. అది కూడా మేయరుకు కాదు, అప్పటి ముఖ్యమంత్రి కేసీఆర్‌కు. డిసెంబరు 1న ఓట్లు పడ్డాయి. మేయరుగా గద్వాల విజయలక్ష్మి ఎన్నికైంది 2021 ఫిబ్రవరి 11న. టీఆర్ఎస్ పార్టీ ఆ పేరును సీల్డ్ కవర్‌లో పంపింది.