ఏడు దీవులు, ఒక తోడల్లుడు

మా తోడల్లుడు రెండేళ్ల కిందట థాయ్‌లాండ్‌లో క్రాబీ వెళ్లొచ్చాడు. అక్కడ ఫోర్ ఐలాండ్ టూర్ అని ఒకటుంది. పొద్దున్నే బోటెక్కించి, సాయంత్రంలోగా నాలుగు దీవులు తిప్పి దింపేస్తారు. ఆ నాలుగింటినీ ఆయన ఒక్కరోజులో చూసేశాడు గానీ, మాకు చెప్పడం ఈ రెండేళ్లలో ఇంకా పూర్తి కాలేదు. గృహప్రవేశమైనా, సీమంతమైనా, విస్తరి ముందు కూర్చోగానే "నాలుగు దీవులు తమ్ముడూ, ఒక్కరోజులో" అంటూ నాలుగు వేళ్లు చూపిస్తాడు. ఒకసారి వడ్డించే కుర్రాడు ఆ వేళ్లు చూసి నాలుగు బూరెలు వేసి వెళ్లిపోయాడు.

అందుకని, ఈ డిసెంబర్లో మనమూ ఏవైనా దీవులకి వెళ్దామండీ అని మా ఆవిడ అన్నప్పుడు, ఎంతవుతుందని అడగలేదు నేను. ఎన్ని దీవులని అడిగాను.

అండమాన్ అని తేల్చాం. పాస్‌పోర్టు అక్కర్లేదు, హైదరాబాద్ నుంచి విమానంలో రెండున్నర గంటలు, పైగా అక్కడ తెలుగువాళ్లు బోలెడుమంది. దీవులంటారా, అయిదు వందల పైచిలుకు. జనం ఉండేవి ముప్పై చిల్లరే అనుకోండి, అయినా నాలుగుని దాటడానికి అవి చాలు.

ప్లానింగ్ నేనే తీసుకున్నాను. మా ఆవిడకి వదిలేస్తే సుఖంగా వెళ్లి సుఖంగా వచ్చేస్తాం, తర్వాత చెప్పుకోడానికి ఏమీ మిగలదు.

నాకు ఆధారాలు రెండు. ఒకటి, మా ఆఫీసులో ఒకాయన 2014లో హనీమూన్‌కి వెళ్లినప్పటి కాగితం. రాస్, నార్త్ బే, హేవ్‌లాక్, నీల్ అని వరసగా రాసుంది, పక్కన టీ మరక. రెండోది, మా మేనల్లుడు పంపిన కొత్త వీడియోలు. వాటిలో నేతాజీ సుభాష్ చంద్రబోస్ ద్వీప్, స్వరాజ్ ద్వీప్, షహీద్ ద్వీప్ అని ఉన్నాయి. ఆఫీసాయన వెళ్లేనాటికి ఇవి ఇంకా డెవలప్ అయివుండవు పాపం అనుకున్నాను.

రెండూ కలిపి ఎక్సెల్‌లో వేశాను. నాలుగూ మూడూ ఏడు. ఏడు దీవులు, తొమ్మిది రాత్రులు. దీవికో రంగు. హేవ్‌లాక్ ఆకుపచ్చ, రెండు రాత్రులు. స్వరాజ్ ద్వీప్ పసుపు, రెండు రాత్రులు. నీల్ నీలం, అది ఎలాగూ కుదిరింది. షీటు ప్రింటు తీసి ఫ్రిజ్ మీద అంటించాను. పాలబ్బాయి కూడా చూసి "ఏడే సార్?" అన్నాడు. ఏడే అన్నాను, వినయంగా.

మధ్యలో అనుమానం రాలేదా అంటే, వచ్చింది. హేవ్‌లాక్‌లో రాధానగర్ బీచ్ ఉంది. స్వరాజ్ ద్వీప్‌లోనూ రాధానగర్ బీచ్ ఉంది. నీల్‌లో భరత్‌పూర్, షహీద్‌లో భరత్‌పూర్. ఒక్క క్షణం ఆగాను. మన దగ్గర మాత్రం ఏ ఊరెళ్లినా ఒక గాంధీనగర్, ఒక రామాలయం వీధి ఉండట్లేదా? అలాగే ఇక్కడ దీవికో రాధానగర్ అని నాకు నేనే సర్దిచెప్పుకున్నాను. ఎంబీఏ చేసింది ఇలాంటి చోట్లే పనికొస్తుంది.

మా అత్తయ్య మొదట రానంది. "సముద్రం మీద నాకేం పని బాబూ, మోకాళ్లు చూస్తే ఇలా ఉన్నాయి" అంది. ఊళ్ల పేర్లు చదివి వినిపించాను. హేవ్‌లాక్‌లో గోవిందనగర్, శ్యామ్‌నగర్, కృష్ణానగర్, రాధానగర్. నీల్‌లో సీతాపూర్, రామ్‌నగర్, లక్ష్మణ్‌పూర్, భరత్‌పూర్. అత్తయ్య కళ్లజోడు సర్దుకుని, "ఒక దీవి భాగవతం, ఒక దీవి రామాయణం. మరి భారతం ఎక్కడుంది బాబూ?" అంది. వెతుకుతానన్నాను. ఆ సాయంత్రమే చేగోడీలకి పిండి కలిపింది.

హోటల్ రసీదులో శ్రీ విజయపురం అని ఉండటం మీద మాత్రం కాస్త గొడవ జరిగింది. "విజయపురి అంటే నాగార్జునసాగర్ పక్కనే కదా, దానికి విమానమెందుకు, బస్సుంది" అంది అత్తయ్య. పోర్ట్ బ్లెయిర్‌కి 2024 సెప్టెంబర్లో శ్రీ విజయపురం అని పేరు మార్చారండీ అని ఆవిడకి విడమరిచి చెప్పాను. లోకజ్ఞానం ఉన్నవాడి గొంతుతో చెప్పాను. పేర్లు మార్చడం ఆ ఒక్క ఊరితోనే ఆపేశారని ఎందుకనుకున్నానో నాకిప్పటికీ తెలీదు.

విమానం అయింది, హోటళ్లు అయ్యాయి, బోట్లు దాదాపు అయ్యాయి. ఒక్క హేవ్‌లాక్ నుంచి స్వరాజ్ ద్వీప్‌కే దొరకట్లేదు. ఏ సైట్లో చూసినా రూటే రావట్లేదు. సీజన్ కదా, టికెట్లు వదలగానే ఎగరేసుకుపోతున్నారనుకున్నాను. రాత్రి పన్నెండింటికి వదులుతారేమోనని అలారం పెట్టుకుని లేచాను. ఒకరోజు కాదు, వారం రోజులు. ఒక రాత్రి మా ఆవిడ లేచి వచ్చి చీకట్లో ఫోను వెలుగులో నా మొహం చూసి, "ఎవరండీ ఆవిడ?" అంది. బోటు అన్నాను. నమ్మలేదు.

ఎనిమిదో రోజు ఇక లాభం లేదని హేవ్‌లాక్ హోటల్‌కి ఫోన్ చేశాను. నా హిందీ రెండు వాక్యాలు విన్నాక అవతలి మేనేజరు, "తెలుగులో చెప్పండి బాబూ. మాది సోంపేట దగ్గర, తాతలకాలంలోనే ఇటొచ్చీసారు" అన్నాడు. ప్రాణం లేచొచ్చింది.

"మీ హోటల్లో రెండు రాత్రులుండి, మూడోరోజు పొద్దున్నే స్వరాజ్ ద్వీప్ వెళ్లాలండీ. బోటు దొరకట్లేదు."

అవతల కాసేపు ఫ్యాన్ చప్పుడే వినిపించింది.

"మీరు దిగేది ఎక్కడ బాబూ?"

"హేవ్‌లాక్. మీ దగ్గరే."

"అక్కణ్నుంచి?"

"స్వరాజ్ ద్వీప్. ప్రైవేటు బోటు మాట్లాడినా పర్లేదు. ఎంతైనా ఇస్తాను."

"ఎంతైనానా?" అన్నాడు మెల్లగా. మనిషి మంచివాడు. వేరే ఎవడైనా అయితే నన్ను బోటెక్కించి, దీవి చుట్టూ ఒక రౌండు తిప్పి, అదే జెట్టీలో దింపి పదివేలు పుచ్చుకునేవాడు. నేను ఆ పదివేలకి థాంక్స్ కూడా చెప్పేవాణ్ని.

"బాబూ, ఏమీ అనుకోకండి. మీదే ఊరు?"

"పుట్టింది వైజాగ్."

"వైజాగ్ నుంచి విశాఖపట్నానికి ఎలా వెళ్తారు బాబూ?"

నేను కుర్చీలో కూర్చున్నాను.

1943 డిసెంబర్ 30న నేతాజీ పోర్ట్ బ్లెయిర్‌లో జెండా ఎగరేశారు. ఈ దీవులకి షహీద్, స్వరాజ్ అని పేర్లు పెట్టిందీ ఆయనే. సరిగ్గా డెబ్భై అయిదేళ్ల తర్వాత, 2018 డిసెంబర్ 30న, హేవ్‌లాక్‌ని స్వరాజ్ ద్వీప్ అనీ, నీల్‌ని షహీద్ ద్వీప్ అనీ, రాస్‌ని నేతాజీ పేరుతోనూ మార్చారు. పేపర్లలో పెద్దగానే వచ్చుంటుంది. డిసెంబర్ 30 కదా, నేను కొత్త క్యాలెండర్లు ఎవరిస్తారా అని తిరుగుతూ ఉండుంటాను.

ఫోను చెవిన పెట్టుకునే ఫ్రిజ్ దగ్గరికి నడిచాను. ఏడులోంచి మూడు పోతే నాలుగు. సరే, తోడల్లుడితో సమానం, పరువు దక్కింది అనుకుంటుండగా మేనేజరు నా లిస్టు మొత్తం చదవమన్నాడు. వద్దనాల్సింది.

"నార్త్ బేనా? అది దీవి కాదు బాబూ. పోర్ట్ బ్లెయిర్ ఉన్న నేలే, అవతలి గట్టు. పడవలో తీసుకెళ్తారని అందరూ దీవనుకుంటారు."

మూడు.

పాత ఎర్ర ఇరవై రూపాయల నోటు వెనక కొబ్బరిచెట్ల మధ్య లైట్‌హౌస్ ఉండేది, గుర్తుందా? ఆ బొమ్మ ఈ నార్త్ బేదే. అది అలా కనిపించేది మౌంట్ హారియట్ మీద నుంచి. ఆ కొండకి 2021లో మౌంట్ మణిపూర్ అని పేరు పెట్టారు. నా షీటులో మౌంట్ హారియట్ మొదటి రోజు మధ్యాహ్నం, మౌంట్ మణిపూర్ రెండోరోజు పొద్దున ఉన్నాయి. రెండోసారి ఎక్కేటప్పుడు కెమెరా చార్జింగ్ చూసుకోవాలని పక్కన నోట్ కూడా రాసుకున్నాను.

ఒకే దీవికి రెండు పేర్లని నాకు అలవాటవుతుండగానే, ఒకే పేరుకి రెండు దీవులున్న చోటు కూడా వచ్చింది. రెండు దీవుల మధ్య తెల్లటి ఇసుక తిన్నె ఉన్న ఫోటో ఎక్కడో చూసి, రాస్ దగ్గర "ఇసుక మీద నడక, అరగంట" అని పెట్టుకున్నాను. ఆ రాస్ వేరట. అది రాస్ అండ్ స్మిత్, ఉత్తరాన డిగ్లీపూర్ దగ్గర. రోడ్డు మీద మూడువందల కిలోమీటర్ల పైనే. "అరగంటలో అంటే కష్టం బాబూ" అన్నాడు మేనేజరు. ఇప్పటికి ఆయన గొంతులో జాలి తప్ప ఏమీ లేదు. చివరికి, రాధానగర్‌లో సూర్యాస్తమయానికి అయిదూముప్పావు అని రాసుకున్నానని విని, "డిసెంబర్లో ఇక్కడ అయిదింటికే పడిపోద్ది. అయిదూముప్పావుకొస్తే టార్చి తెచ్చుకోండి" అన్నాడు. గడియారం మన గడియారమే గానీ, అండమాన్ మనకి అంత తూర్పున ఉంది మరి.

మా ఆవిడకి చెప్పాను. నవ్వుతుందనుకున్నాను. షీటు ముందు నిలబడి ఆకుపచ్చ గడి మీద ఒక వేలు, పసుపు గడి మీద ఒక వేలు పెట్టింది. "ఇక్కణ్నుంచి ఇక్కడికి బోటు కోసమేనా వారం రోజులు మేలుకున్నారు?" అని మాత్రం అడిగింది. తర్వాత వంటింట్లోకి వెళ్లి చాలాసేపు నవ్వింది, కుక్కర్ విజిల్ వచ్చినా ఆగలేదు.

షహీద్ ద్వీప్ హోటల్ క్యాన్సిల్ అయింది. స్వరాజ్ ద్వీప్‌ది కాలేదు. రేటు తక్కువని నాన్ రిఫండబుల్ కొన్నాను. రెండు గదులు, రెండు రాత్రులు, 14,800 రూపాయలు. వదిలేద్దామని నేను, వదలడానికి వీల్లేదని ఆవిడ. అత్తయ్యకి మాత్రం చెప్పొద్దని ఇద్దరం ఒప్పుకున్నాం. అత్తయ్యకి తెలిస్తే పావుగంటలో పెద్ద కూతురికి తెలుస్తుంది. అక్కణ్నుంచి తోడల్లుడికి తెలియడానికి టీవీలో ఒక యాడ్ చాలు.

వెళ్లాం. రాస్‌లో జింకలు అత్తయ్య చేతిలోని చేగోడీల సంచీ వైపు ఆశగా చూశాయి. నార్త్ బేకి వెళ్లాం, దీవనే చెప్పాను. హేవ్‌లాక్‌లో గోవిందనగర్ హోటల్లో రెండు రోజులూ హాయిగా గడిచిపోయాయి. ఎడమ చెవి చిరిగిన గోధుమరంగు కుక్క ఒకటి అత్తయ్య వెంట పడింది. దానికి రాముడు అని పేరు పెట్టి, పూటకి రెండు బిస్కెట్లు అలవాటు చేసింది.

మూడోరోజు పొద్దున్న ఆటో వచ్చింది. సామాను ఎక్కించాం.

"పడవేదీ?" అంది అత్తయ్య.

"ఈ దీవికీ ఆ దీవికీ మధ్య వంతెన ఉందత్తయ్యా."

మా ఆవిడ కిటికీలేని ఆటోలో కిటికీలోంచి చూస్తున్నట్టు అటు తిరిగింది. దారిలో ఒక కల్వర్టు వచ్చింది. ఆటో ఒకసారి ఎగిరి దిగింది.

"ఇదేనా?"

"ఇదే."

విజయనగర్‌లో రెండో హోటల్ దగ్గర దిగాం. నేను రిసెప్షన్లో ఆధార్ కార్డులు ఇస్తుంటే, మా పేర్లు చూసిన కుర్రాడు "స్వరాజ్ ద్వీప్‌కి స్వాగతం" అని గట్టిగా హిందీలో అన్నాడు. అతణ్ని కౌగిలించుకోవాలనిపించింది. అరగంట తర్వాత బయటికొస్తే, అత్తయ్య వరండాలో కుర్చీ వేసుకుని పెద్ద కూతురితో ఫోన్లో మాట్లాడుతోంది. ఎదురుగా ఇసుకలో, మూడు కిలోమీటర్లు పరిగెత్తి వచ్చిన ఆయాసంతో నాలుక బయటపెట్టి, చిరిగిన చెవి ఆడిస్తూ రాముడు.

అత్తయ్య నన్ను చూసింది. కుక్కని చూసింది. మళ్లీ నన్ను చూసింది.

"ఆఁ అమ్మలూ, నాలుగో దీవికొచ్చాం. ఎల్లుండి అయిదోది. పెద్దల్లుడికి చెప్పు" అంది ఫోన్లో, బిస్కెట్ పొట్లం విప్పుతూ. "ఎంత బాగుందనుకున్నావు! ఇక్కడ కుక్కలు కూడా అచ్చం ఆ దీవి కుక్కల్లాగే ఉంటాయే. రాముడూ అంటే వచ్చేస్తున్నాయి."