షియామెన్ చిట్టికప్పు గారికి ఒక రాళ్ల వ్యాపారి విన్నపం

మహారాజశ్రీ చిట్టికప్పు గారికి, ఒంగోలు నుంచి నమస్కరించి వ్రాయునది. ఇక్కడ అందరం క్షేమం. మీ ఇంట టీ తాగిన ఆ రాత్రి కన్ను మూతపడలేదన్నది తప్ప వేరే ఫిర్యాదు లేదు. అసలు ఫిర్యాదే అది.

నేను మీకు గుర్తుండను. చీమకుర్తి గ్రానైట్ బేరానికి చైనాలోని మీ షియామెన్ రేవుకు వచ్చి, వాన పట్టుకుంటే మీ దుకాణంలో దూరిన మనిషిని. టీ కొట్టు అనుకున్నాను. టీ కొట్టంటే నాకు తెలిసింది నిలబడి తాగి, చిల్లర ఇచ్చి, రెండు నిమిషాల్లో రోడ్డెక్కడం. మీది ఆకు అమ్మే అంగడి. బల్ల మీద నల్లరాతి పళ్లెం కనిపించగానే అలవాటు కొద్దీ తడిమి చూశాను. మా చీమకుర్తి గెలాక్సీ రాయి కాదు. ఆలోగా యజమానురాలు కుర్చీ చూపించి కూర్చోబెట్టారు.

ఆమె ఒక చిన్న పొట్లం చింపారు. ఉండలు చుట్టిన ఆకు, ఏడెనిమిది గ్రాములు ఉంటుంది. పక్కనున్న ఆన్‌షీలో పండే తియెగ్వాన్‌యిన్ అట. అంటే ఇనుప గ్వాన్‌యిన్. మన బౌద్ధుల అవలోకితేశ్వరుడే అక్కడ అమ్మవారై ఆకుకు పేరిచ్చాడు. గైవాన్ అనే మూత గిన్నెలో ఆకు వేసి, మరిగే నీళ్లు పోసి, ఆ మొదటి టీని పళ్లెంలో కూర్చున్న మూడు కాళ్ల మట్టికప్ప నెత్తిన కుమ్మరించారు. తడిసి వచ్చిన అతిథిని నేనుండగా అభిషేకం కప్పకు! కప్పు గారూ, మీకంటే ఒక కొమ్ము తక్కువైనా మర్యాద దానికే ఎక్కువ.

తరవాత మీరు వచ్చారు. మా ఇళ్లలో మీ అంత గిన్నెతో పసిపిల్లలకు ఉగ్గు పోస్తారు. అందులోనూ పదింట ఏడు పాళ్లే నింపారు. పిసినారితనం అనుకున్నాను. నిండా పోస్తే అతిథిని అవమానించినట్టని తరవాత ఫోను అనువదించి చెప్పింది. పాలు లేవు, పంచదార లేదు. కానీ సువాసన ఉంది చూశారూ, మల్లె కాదు, సంపెంగ కాదు, దానికి నా దగ్గర మాట లేదు.

పెట్టింది వదలకూడదని మా అమ్మ నేర్పింది. మిమ్మల్ని ఖాళీ చేశాను. ఆమె నింపారు. మళ్లీ ఖాళీ చేశాను. మళ్లీ నింపారు. మా విందుల్లో చాలనుకుంటే విస్తరి మడిచి లేస్తాం. మీ దగ్గరా ఆకు ఉంది కానీ, నీళ్లు పోసిన కొద్దీ అది విప్పుకుంటుందే తప్ప మడుచుకోదు. ఏడుసార్లు పోసినా వాసన పోదని దానికి పేరు. పక్కాయన రెండు వేళ్లతో బల్ల మీద తట్టాడు. చాలని చెప్పే సైగ కాబోలని నేనూ తట్టాను. అది కృతజ్ఞత తెలిపే పద్ధతట. ఆమె సంతోషించి ఇంకోసారి నింపారు.

అప్పుడే ఒక ముసలాయన లోపలికి వస్తూ ‘లిమ్ తే’ అన్నాడు. టీ తాగుదాం అని. నేను ఉలిక్కిపడ్డాను. మన తేయాకులో, తేనీరులో ఉన్న ‘తే’ ఇదే! ఈ రేవుల నుంచి ఓడలెక్కి లోకం తిరిగిన మాట. చాయ్ అనే మాటా చైనాదే, కాకపోతే వేరే దారిన వచ్చింది. ఈ ఆనందంలో మరో రెండు కప్పులు తాగాను. పొరపాటు నాదే.

పంతొమ్మిదో కప్పు దగ్గర లెక్క తప్పింది. ఇంత తాగి ఊరికే లేవడం ఎలా? వాళ్లు ధర చెప్పేది జిన్‌కు, అంటే 500 గ్రాములకు. టన్నుల లెక్కన రాయి బేరమాడే నాకు అరకిలో ఆకు దగ్గర నోరు పెగల్లేదు. అడిగినంతా ఇచ్చాను.

మర్నాడు అనువాదకుడు కిటుకు చెప్పాడు. చాలనుకుంటే కప్పును నిండుగానే వదిలేయాలట. వీడ్కోలు చెప్పే నెపంతో మళ్లీ వచ్చి, మిమ్మల్ని ముట్టుకోకుండా బిగదీసుకుని కూర్చున్నాను. పది నిమిషాలు గడిచాయి. ఆమె మిమ్మల్ని చూశారు, నన్ను చూశారు, అయ్యో చల్లారిపోయిందే అన్నట్టు తల ఊపి, ఆ టీ కప్ప నెత్తిన పోసి, వేడిది నింపారు.

ఇట్లు,
తమ విధేయుడు