ఆ ఫ్లడ్‌లైట్లు ఆర్పండి మహాప్రభో!

జపాన్‌లోని ఒసాకాలో నాలుగేళ్ళుగా ఉంటున్నాను గానీ, ఇక్కడి పాతకాలపు ముసుగుల నాటకం ‘నో’ని ఆరుబయట చూడటం మొన్ననే మొదటిసారి. ఏ గుడిలోనో చెప్పను, ఎందుకంటే ఇప్పుడు తిట్టబోతున్నాను. నాటకాన్ని కాదు, లైట్లని.

ఇలా ఆడేదాన్ని ‘తకిగి నో’ అంటారు. తకిగి అంటే కట్టెలు. చీకటి పడగానే వేదిక చుట్టూ ఇనప బుట్టల్లో మంట వేసి, ఆ వెలుతురులో ఆడతారు. నారా ఊళ్ళోని కొఫుకుజి గుడిలో ఈ ఆట 869లోనే మొదలైందని చెబుతారు. క్యోటోలో 1950 నుంచి ఆడుతున్నారు. పేరులోనే మంట ఉందండీ!

మేం చూసింది ‘హగొరొమొ’. ఒక జాలరికి చెట్టు మీద దేవకన్య వస్త్రం దొరుకుతుంది. నాట్యం చేస్తే ఇస్తానంటాడు. ముందు ఇస్తేనే చెయ్యగలనంటుంది. ఇస్తే ఎగిరిపోవూ అంటాడు. అనుమానం మీ మనుషులది, స్వర్గంలో అబద్ధం లేదంటుంది. వాడు సిగ్గుపడి ఇచ్చేస్తాడు. కథ ఇంతే, కానీ గంటసేపు నడుస్తుంది. మా ఫ్రెండ్ నిద్రపోయాడు, వాణ్ణేమీ అనను.

దేవకన్య వేషం మగాయనదే. చెక్క ముసుగు ముఖం కన్నా చిన్నది, కింద ఆయన గడ్డం మడత కదులుతూ కనిపిస్తుంది. మొదట నవ్వొచ్చింది. కాసేపటికి ఆ గడ్డం సంగతే మర్చిపోయాను. ముసుగు కాస్త పైకెత్తితే ‘వెలిగించడం’ అంటారు, దించితే ‘మబ్బు పట్టించడం’. గాలికి మంట ఊగినప్పుడు, ఆయన తల కదపకపోయినా ఆ చెక్క పెదాల దగ్గర నీడ జరిగింది. ఏడవబోతోందేమో అనిపించింది.

సరిగ్గా అప్పుడే టప్పున ఫ్లడ్‌లైట్లు వేశారు. నీడలన్నీ పోయాయి. ఏడవబోయిన మనిషి కాస్తా తెల్లరంగు పూసిన చెక్క అయిపోయింది. మంట పక్కన మండుతూనే ఉంది, పెళ్ళి మంటపంలో ప్లాస్టిక్ అరటిచెట్టులా.

వెనక వరసల వాళ్ళకి కనపడొద్దా అంటారు. నాదీ వెనక వరసే! అక్కడికి ముసుగు ఎలాగూ బొటనవేలంత. ఆ నీడ కదలడం ఒక్కటే నాకు దక్కింది, అదీ లాక్కున్నారు. పోనీ ఫొటోల కోసమా అంటే, ఫొటోలు తీయకూడదని మైకులో మూడుసార్లు చెప్పారు. మరి ఆ వెలుతురంతా ఎవరికోసం?