చీకట్లో మెరవకపోతే నకిలీయేనా?

పాత యుద్ధవిమానాల మీటర్ల గురించి మీరు వేసిన వ్యాసంలో "చీకట్లో మెరవని డయల్ నకిలీ" అని రాశారు. తిరగేసి చెప్పారండీ. రెండో ప్రపంచయుద్ధపు డయళ్లకి పూసింది రేడియం రంగు. 80 ఏళ్లకి అందులో మెరుపునిచ్చే జింక్ సల్ఫైడ్ చచ్చిపోయి, అంకెలు మాడిన బెల్లం రంగుకి తిరుగుతాయి. పచ్చగా ధగధగలాడితేనే నాకు అనుమానం.

ఎయిర్‌ఫోర్స్‌లో ఇన్‌స్ట్రుమెంట్ ఫిట్టర్‌గా చేసి, ఇప్పుడు అమలాపురంలో ఉంటున్నా. మొన్న రాజమండ్రిలో ఓ పాత సామాన్ల కొట్లో "స్పిట్‌ఫైర్ ఆల్టీమీటర్" (ఆ యుద్ధకాలపు బ్రిటిష్ ఫైటర్ విమానంలో ఎత్తు చూపే మీటరు) అంటూ ఒకటి చేతిలో పెట్టారు. వెనక్కి తిప్పితే బ్రిటిష్ ఎయిర్ మినిస్ట్రీ వేసే కిరీటం, ఏ.ఎం. ముద్ర లేవు, 6ఏ తో మొదలయ్యే స్టోర్స్ నంబరూ లేదు. ముందేమో రష్యన్ అక్షరాలు, ఎత్తు మీటర్లలో! స్పిట్‌ఫైర్‌కి అడుగులు కదా. రష్యన్ మిగ్ విమానం సరుకేమో.

అన్నట్టు, మెరుపు పోయినా రేడియం పోదు, దాని అర్ధాయువు (సగానికి తగ్గే కాలం) 1600 ఏళ్లు. అద్దం విప్పి గీకకండి బాబూ, ఆ పొడి రేడియోధార్మికం.